ముందు డబ్బాకు సలాం

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం షాపులో ప్రింటరు విప్పుకుని కూర్చున్నప్పుడు, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"ఇంజినీర్ సాబేనా?" అంది ఒక ఆడగొంతు.

నేను ఇంజినీరును కాను. వనపర్తిలో కంప్యూటర్ల రిపేరు షాపు నాది. డిగ్రీ మధ్యలో వదిలేసి, హైదరాబాదులో ఒక దుకాణంలో కొన్నాళ్లు స్క్రూలు బిగించి, ఇక నేర్చుకోవలసింది ఏమీ మిగల్లేదన్న ధీమాతో తిరిగొచ్చి బోర్డు కట్టినవాణ్ణి. ఆ బోర్డు మీద నా పేరు కంటే 'హైదరాబాద్ అనుభవం' అన్న మాటే పెద్దది. సొంతూరు వీపనగండ్లలో మా నాయన మాత్రం ఇప్పటికీ నన్ను టీవీలు బాగుచేసేవాడని పరిచయం చేస్తాడు. ఈ లోకంలో నన్ను ఇంజినీర్ సాబ్ అని పిలిచిన మనిషి ఒక్కతే. అదీ గౌరవంతో కాదు.

"ఎవరమ్మా?" అన్నాను.

"ఆపా బిడ్డను భయ్యా. గద్వాల నుంచి మాట్లాడుతున్న. అమ్మీ ఫోన్ల మీ నంబరు గదే పేరు మీద ఉన్నది. అసలు పేరేందో నాకు తెల్వదు." గొంతు తగ్గించింది. "అమ్మీ పోయిన నెల గుండెపోటుతోని పోయింది. మీకు ఎవరన్న చెప్పిన్రో లేదో."

ఎవరూ చెప్పలేదు. చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాను.

"నిన్నటి సంది మా అబ్బా మిషన్ పలుకుతలేదు భయ్యా. ఆన్ చెయ్యంగనే బంద్ అయితుంది. ఈడ ఇద్దర్ని పిలిచి చూపెట్టిన. బోర్డు పోయింది, కొత్తది కొనుమన్నరు."

మర్నాడు పొద్దున్నే వస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. బోర్డు పోయింది. ఆపాతో నేను మాట్లాడిన మొట్టమొదటి మాట సరిగ్గా అదే.

కొన్నేళ్ల కిందట, ఆ రోజు ఆమె ఆటోలో వచ్చింది. దుప్పటిలో చుట్టిన కేబినెట్ ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి, దవాఖానకు పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చింది. పొడుగు మనిషి, సన్నగా ఉంటుంది. తల మీద కొంగు, కళ్లద్దాలకు తాడు, భుజానికి నల్లటి తోలుసంచి. నాగర్‌కర్నూల్‌లో ఏళ్ల తరబడి పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరై వనపర్తిలో ఉంటోందని తర్వాత తెలిసింది. ఎవరూ చెప్పకపోయినా తెలిసిపోయేదే. లోపలికి వస్తూనే, తిరుగుతున్న ఫ్యానునూ కూర్చున్న నన్నూ చూసి రెండూ వంకరగా ఉన్నాయంది. నేను మర్యాదకు లేచి నిలబడ్డాను. ఆమె వెళ్లి నా కుర్చీలో కూర్చుంది.

"మేడం, కస్టమర్ కుర్చీ అది," అన్నాను వేరే కుర్చీ చూపిస్తూ.

"అండ్ల కూసుంటె నీ వీపు కనపడ్తది. ఇండ్ల కూసుంటె నీ పని కనపడ్తది. కానియ్యి."

కేబినెట్‌కు కరెంటు పెట్టి ఆన్ చేశాను. నల్లటి తెర మీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు వచ్చాయి. కొద్ది సెకన్లకే అంతా ఆరిపోయింది. నేను గంభీరంగా తల ఊపాను. తల ఊపడం నాకు బాగా వచ్చు.

"బోర్డు పోయింది మేడం."

"చదివినవా?"

"ఏంది?"

"తెర మీద రాసింది."

తెర మీద వచ్చేది చదివే అలవాటు నాకు లేదు. వచ్చేది రానీ, పోయేది పోనీ అని ఊరుకుని, చివరికి ఏదో ఒకటి మార్చేయడం నా పద్ధతి. ఆమె మళ్లీ ఆన్ చేయించి పైకి చదివించింది. మా తెలుగు మీడియం బడిలో చదివినట్టే, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. యూఎస్‌బీలో కరెంటు మోతాదు మించింది, మిషన్ ఆగిపోతుంది అని దాని సారాంశం.

"అంటె?" అంది.

"కరెంటు ఎక్కువొస్తుంది మేడం. మన లైనే గట్లున్నది."

"వస్తలేదు బేటా, ఎవరో గుంజుకుంటున్నరు. ఎవరు?"

నేను పైకప్పు వైపు చూశాను. పదో తరగతిలో ఈ చూపు నన్ను చాలాసార్లు కాపాడింది. ఆమె ముందు పని చెయ్యలేదు. వేలు పెట్టి కేబినెట్ ముందరి భాగం చూపించింది. పెన్‌డ్రైవులు, మౌసులు పెట్టుకునే సాకెట్‌లో ఉండే ప్లాస్టిక్ నాలుక విరిగి, లోపలి రేకులు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. ఆ సాకెట్ నుంచి లోపలి బోర్డుకు వెళ్లే తీగెను ఊడదీయమంది. ఊడదీసి ఆన్ చేస్తే కంప్యూటరు నిక్షేపంగా నడిచింది.

"నాడి చూడకుండనే కఫన్ కొనుకొస్తవా, ఇంజినీర్ సాబ్?"

కఫన్ అంటే శవానికి చుట్టే గుడ్డ. అదీ నాకు బిరుదు వచ్చిన వైనం.

పరువు కొంచెమైనా నిలబెట్టుకోవాలని, ఈ ముందరి సాకెట్ వదిలేయండి, వెనక బోలెడు సాకెట్లు ఉన్నాయి, వాటిలో పెట్టుకోండి అని సలహా ఇచ్చాను. నా సలహాల్లో అన్నింటికంటే తెలివైనది అదేనేమో.

"ఎన్కలివి ఆయనకు అందయ్," అంది.

అప్పుడు చెప్పింది. ఆమె భర్త బస్సు కండక్టరు. కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి అని ఆయన అరిస్తే స్టాండు అవతల టీ తాగుతున్నవాళ్లు కూడా పరిగెత్తుకొచ్చేవాళ్లట. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, దాంతోపాటే మాట పోయింది. ఆపా తోలుసంచిలోంచి ఒక వస్తువు తీసి బల్ల మీద పెట్టింది. చెక్కముక్కకు బిగించిన ఇంటి తలుపు గంట బటన్. దాని తీగెలు ఒక పాత మౌసు కడుపులోకి వెళ్లాయి. తెర మీద మాటల గళ్లు ఒక్కొక్కటిగా వెలుగుతూ పోతాయి, కావలసిన మాట మీదికి వెలుగు వచ్చినప్పుడు ఆయన ఎడమచేత్తో ఈ బటన్ నొక్కితే కంప్యూటరు ఆ మాట పలుకుతుంది.

"ఇది ఎవరు చేసిన్రు మేడం?"

"నేనే. చాన మంచిగ చేసిన గదా?"

ఆమె ఏది చేసినా అలాగే అడిగేది. జవాబు కోసం ఆగేది కాదు.

"రోజు పొద్దుగాల్ల ఈ తీగె డబ్బాల ఆయనే పెట్టుకుంటడు. నేను పెడ్తె అది నా పని అయితది. ఆయన మాట ఆయన పెట్టుకోవాలె. పొడుగు తీగె ఇస్తనంటవేమో, అది మంచం మీద జారుతది, ఒంటి చేతికి చిక్కదు. డబ్బా అయితె కదలకుంట నిలబడ్తది."

పొడుగు తీగె ఇస్తానని చెప్పడానికే నోరు తెరిచి ఉన్నాను. మూసుకున్నాను.

మూలన పడి ఉన్న పాత సామానులోంచి ఒక ముందరి ప్యానెల్ దొరికింది. దాని తీగెలు ఒకే ప్లగ్గులో కలిసి లేవు, ఒక్కోదానికి ఒక్కో చిన్న టోపీ ఉంది. వాటిని బోర్డు మీది సన్నటి సూదులకు సరైన వరసలో తొడగాలి. ఈ పనిలో నేను నిపుణుణ్ణని నా నమ్మకం. కస్టమర్లతో మాట్లాడుతూ, అటు చూస్తూ, చేతి అలవాటు కొద్దీ తొడిగేసేవాణ్ణి. ఎర్రది ప్లస్, నల్లది మైనస్, మిగిలిన రెండూ మధ్యలో. ఆ రోజూ అలాగే చెయ్యి పెట్టబోయాను.

"ఆగు. సోంపు తిను."

నా అరచేతిలో సోంపు పోసింది. తర్వాత్తర్వాత అర్థమైంది ఎందుకో. నోట్లో ఏదైనా ఉంటే నేను నోరు మూసుకుని పని చేస్తానని.

"ఇంక డబ్బాకు సలాం చెప్పు."

కరెంటు వైరు పూర్తిగా పీకేసి, బోర్డును ముట్టుకోకముందు కేబినెట్ లోపలి రంగు లేని ఇనుమును అరచేత్తో తాకాలి. ఒంట్లో చేరిన విద్యుత్తు అందులోకి దిగిపోతుంది, బోర్డుకు చురక తగలదు. దాన్నే ఆమె సలాం అనేది. నేను తాకాను. ఆమె తల ఊపింది, నాకంటే గంభీరంగా.

"ఎర్రది ప్లస్ అని ఎవరు చెప్పిన్రు?"

"అందరు చెప్తరు మేడం."

"ఈ తీగె చెప్పిందా? మీటర్ తే."

మీటరు గోడకు, అందరికీ కనిపించేచోట మేకుకు వేలాడుతోంది. తెచ్చి ముందరి చక్రం తిప్పాను. అంకె రాలేదు. దాని బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. నేను దాన్ని వాడేవాణ్ణి కాదు కాబట్టి ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. అయినా ఏదో లెక్క చూస్తున్నట్టు కాసేపు నటించాను.

"దీనికి గూడ నోరు పడిపోయిందా?" అంటూ ఆపా తన సంచిలోంచి సొంత మీటరు తీసింది.

ఒక ముల్లు సాకెట్ లోపలి రేకుకు, ఇంకో ముల్లు తీగె చివరకు పెట్టి కూత వస్తుందా లేదా అని చూడమంది. కూత వచ్చింది, కానీ ఎర్ర తీగెకు రావలసింది నల్ల తీగెకు వచ్చింది. ఆ చవక ప్యానెల్ చేసినవాడి దగ్గర ఆ పూట ఏ రంగు తీగె మిగిలితే అదే వాడినట్టున్నాడు. నేను నా పద్ధతిలో తొడిగి ఉంటే ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యేవి. పెట్టిన మరుక్షణం ఆ గంట బటన్ కాలిపోయేది, బోర్డు బతుకుతుందన్న నమ్మకమూ లేదు.

నేను నవ్వేశాను. ఏమీ తోచనప్పుడు నవ్వుతాను. ఆపా నవ్వలేదు. బల్ల మీది బటన్ తీసి సంచిలో పెట్టుకుని జిప్పు లాగింది. పని అయ్యేదాకా మళ్లీ బయటికి తీయలేదు.

బోర్డు మీద సూదులు రెండు వరసలుగా ఉంటాయి, ఒక మూల మాత్రం ఒక సూది ఉండదు. నేను దాన్ని ఎవరో విరిచేశారనుకునేవాణ్ణి. "విరిగింది గాదు. ఏ దిక్కు పెట్టాల్నో చెప్పనీకె ఆ జాగ ఖాళీగ ఉంచిన్రు," అంది ఆపా. టోపీలు తీయించి, తీగెలను పాత ప్యానెల్ ప్లగ్గులోకి మార్పించింది; అందులో ఆ మూల రంధ్రం మూసి ఉంది. ఖాళీకి మూసిన రంధ్రం సరిపోతే దిక్కు కుదిరినట్టు. కుదిరిందంటే తొయ్యక్కర్లేదు, మెత్తగా దిగుతుంది. "జోరు పెట్టకు బేటా. అది బాత్రూం తలుపు గాదు."

ఆ తర్వాత ఆపా పని ఉన్నా లేకపోయినా రావడం మొదలుపెట్టింది. సాయంత్రం నడకకు బయలుదేరి నా షాపు దగ్గర ఆగేది. నా కుర్చీలో కూర్చునేది. పెబ్బేరు సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసేవాడిలా, బల్ల మీదున్న ప్రతి కంప్యూటర్ పక్క రేకు తీసి లోపలికి చూసేది. ఊరంతా ఆపా అంటుంటే నేనూ ఆపా అన్నాను. ఆమె భర్తను మాత్రం చాచా అనేవాణ్ణి. "నన్ను అక్క అంటవ్, ఆయనను చిన్నాయన అంటవ్. మా ఇద్దరికి నువ్వు ఏం జేస్తున్నవో తెలుస్తుందా?" అని ఒకరోజు అడిగింది. అప్పటికి పిలుపులు అలవాటైపోయాయి, మార్చలేకపోయాను.

సలాం మాత్రం షాపంతా పాకింది. మల్దకల్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నేను కేబినెట్‌ను తాకి పని మొదలుపెట్టడం చూసి, ఇదేదో కొత్త ఆచారమనుకుని, చెప్పులు విడిచి వచ్చి తనూ తాకి కళ్లకద్దుకున్నాడు. ఆపా అడ్డు చెప్పలేదు. "మంచిదే. నీ ఇంజినీర్ మరచినా నువ్వు గుర్తు చెయ్యి," అంది ఆయనతో. కొత్త కంప్యూటర్ కొనడానికి వచ్చిన ఇంకొకాయనకు పాతదానిలోని దుమ్ము దులిపి ఇచ్చి పంపించింది. నేను ఏడవలేక నవ్వుతుంటే, "దుకాణం నడుపుతున్నవా, దుమ్ము అమ్ముతున్నవా?" అంది. ఆమె కూర్చున్నంతసేపు నా వ్యాపారం దేవుడి మీద భారం వేసినట్టే.

మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. తనను తాను తప్ప. ఓపిక తక్కువ. నేను ప్యానెల్‌తో వచ్చే వివరాల కాగితం చదువుతుంటే నా వేలు వాక్యం చివరికి చేరకముందే జవాబు చెప్పేసేది. దీపాల తీగెలకు ప్లస్ మైనస్ చూడాలి, ఆన్ బటన్ తీగె ఎటు పెట్టినా ఫర్వాలేదు అని అందులో ఉన్న సంగతి నేనింకా చదవబోతూ ఉండేవాణ్ణి. "దీపానికి తల తోక ఉంటయ్, బటన్‌కు ఉండయ్," అనేది ఆమె. అదే కాగితం మళ్లీ మొదటి నుంచి చదివించేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం తడుస్తూ వచ్చింది. ఒళ్లో కేబినెట్. వచ్చి నా కుర్చీలో కాకుండా కస్టమర్ కుర్చీలో కూర్చుంది. ఏదో జరిగిందని అప్పుడే అనిపించింది. దుప్పటి విప్పి పక్క రేకు తీసి చూస్తే, ముందరి సాకెట్ తీగె దిగే చోట ఒక సూది పూర్తిగా పడుకుని ఉంది.

"ఎవరు చేసిన్రు ఆపా?"

"నేనే. ఉల్టా పెట్టి, జోరు పెట్టిన."

నాకు లోపల ఎక్కడో కొంచెం సంబరం కలిగిన మాట నిజం. బయటికి కనపడకుండా జాగ్రత్తపడ్డాను. ఆమె ముఖం చూశాక ఆ సంబరం నిలవలేదు.

"ఆయన రెండు దినాల సంది బటన్ పెట్టుకుంటలేడు," అంది. "పొద్దుగాల్ల నేనే పెట్టి చేతికిచ్చిన. గుంజి ఇసిరేసిండు. లోపల తీగె లూజైందేమో, అందుకే పరేషాన్ అయితున్నడేమో అనుకొని తెరిచి చూసిన. నా చేతులు మాట వినలే."

"లూజ్ అయిందా మరి?"

"కాలే. మిషన్ మంచిగనే ఉండె." తల మీది కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆ మాటలన్ని నా గొంతుతోనే రికార్డు చేసిన గదా. పానీ, చాయ్, పంకా, అన్ని. కంప్యూటర్ గొంతు పెట్టి చూసిన, రైలు టేషన్ల ఉన్నట్టున్నది. ఆయన గొంతు కోసం ఇల్లంత వెతికిన. ఒక్క పెండ్లి వీడియో దొరికింది. అండ్ల ఆయన జనాన్ని భోజనానికి పిలుస్తుండు. బ్యాండు మోతల ఒక్క ముక్క వినపడ్తలేదు. జన్మంత అరిచిన మనిషి, ఒక్క మాట దొరకలే." కొంచెం ఆగి అంది, "నలపై ఏండ్లు నా మాట విన్నడు. ఇప్పుడు ఆయన నోట్లె గూడ నా మాటే. కోపం రాదా మరి?"

చెప్పే మాట తెలియనప్పుడు పని చేయడం మేలని ఆమె నేర్పిందే. కేబినెట్‌కు సలాం చెప్పాను. ఒంగిన సూదిని పట్టకారుతో లాగితే మొదలంటా విరిగిపోతుంది. ములుకు మార్చే పెన్సిల్ ఒకటి తీసుకుని, ములుకు లేకుండా ఖాళీ చేశాను. దాని సన్నటి లోహపు గొట్టం పడుకున్న సూది మీదికి తొడిగి, కొంచెం కొంచెంగా లేపుతూ పోయాను. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, లెక్కలేనన్ని సూదులు నా చేతులతో నేనే వంచుకోవడం వల్ల అబ్బిన విద్య. ఆపా ఫోను దీపం పట్టుకుంది. ఊపిరి పీల్చడం కూడా మానేసింది.

"సోంపు తినుండ్రి ఆపా," అన్నాను.

అప్పుడు నవ్వింది. సూది నిలబడింది. ప్లగ్గు మెత్తగా దిగింది.

"చెయ్యి మంచిగున్నది నీది," అంది. అంతటితో ఆపుతుందేమోనని ఆశపడ్డాను. "తల్కాయనే కొంచెం..." అని మిగతాది నాకే వదిలేసింది.

నా తలకాయ ఎలాంటిదో వెంటనే రుజువు చేశాను. దుప్పటి చుట్టి ఇస్తూ, "మీరు మాట్లాడ్తుంటె ఆపనీకి చాచాకు ఏమన్న బటన్ ఉన్నదా ఆపా?" అన్నాను. సరదాకి అన్నదే. ఆమె కేబినెట్‌ను నా చేతుల్లోంచి లాక్కుంది. ఇక ఈ షాపు గడప తొక్కదనుకున్నాను. ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు ఫోను చేసి ఇంటికి రమ్మంది. వెళ్లాను. చాచా కిటికీ పక్క మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. పెద్ద మీసం, సగం ముఖం నవ్వుతోంది, సగం నిద్రపోతోంది. ఎడమచేత్తో తీగె తీసుకుని డబ్బా ముందరి సాకెట్‌ను వేలితో తడిమి, మెల్లగా లోపలికి దించాడు. అంత నెమ్మదిగా, అంత సరిగ్గా నేను ఏనాడూ పెట్టి ఎరగను. ఆపా మంచం పక్కన నిలబడి, డబ్బాలో దుమ్ము ఎందుకు చేరుతుంది, చేరితే వేడి ఎటు పోతుంది, నేను ఏం చేయాలి, ఏం చేయడం లేదు అని మొదలుపెట్టింది. మాట మధ్యలో ఉండగానే డబ్బాలోంచి ఆమె గొంతే గట్టిగా పలికింది:

"జర చుప్ బైఠో."

కాస్త నోరు మూసుకుని కూర్చోమని, నేను సరదాకి అడిగిన బటనే. ఆపా తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. చాచా నిద్రపోతున్న సగం ముఖం కూడా కదిలినట్టే అనిపించింది. నేను గోడ వైపు తిరిగాను, నవ్వితే ఎవరిని చూసి నవ్వినట్టవుతుందో తెలియక.

"చూసినవా," అంది ఆపా నాతో, తేరుకుని. "సౌండ్ ఎంత సాఫ్ వస్తున్నదో. మంచిగ చేసిన గదా?"

ఆ తర్వాత చాచా బటన్ విసిరేయలేదు. అన్ని మాటల్లోకీ ఆ ఒక్క మాటే ఎక్కువ వాడుతున్నాడని షాపుకొచ్చి ఫిర్యాదు చేసేది. చేస్తున్నంతసేపూ ముఖం వెలిగిపోయేది.

ఇద్దరూ గద్వాలలో ఉన్న బిడ్డ దగ్గరికి మారిపోయేటప్పుడు, ఆపా షాపుకు వచ్చి నా మీటరు మేకు మీది నుంచి దించి, కొత్త బ్యాటరీ వేసి, మళ్లీ అక్కడే తగిలించి వెళ్లింది. పోయొస్త అని కూడా అనలేదు. "చదువు," అంది.

ఇక బిడ్డ ఫోను చేసిన మర్నాటి సంగతి. పెబ్బేరు మీదుగా బస్సులో కృష్ణ దాటి గద్వాల చేరాను. సంచిలో కొత్త ముందరి ప్యానెల్, మీటరు. ఆపా బిడ్డ అక్కడి దవాఖానలో నర్సు. నా కోసం ఆ పూట సెలవు పెట్టింది. చాచా మునుపటికంటే చిక్కిపోయాడు. నన్ను చూసి ఎడమచెయ్యి ఎత్తాడు. బటన్ ఆయన ఒళ్లోనే ఉంది.

డబ్బా ఆన్ చేసి, తెర మీద వచ్చింది చదివాను. బోర్డు పోలేదు. ఎన్నో ఏళ్లు రోజూ పెట్టి తీసి పెట్టి తీసి ముందరి సాకెట్ మళ్లీ అరిగి విరిగింది, అంతే. కరెంటు వైరు పీకాను. ఇనుమును తాకాను. కొత్త ప్యానెల్ తీగెలు ఒక్కొక్కటీ మీటరుతో చూసుకున్నాను. కంపెనీ ప్యానెల్, రంగులన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా చూశాను. ఖాళీ మూల వెతుక్కుని ప్లగ్గు దించాను, మైకు సాకెట్ తీగె దాని చోట దించాను. ఇంత జాగ్రత్తగా పని చేస్తుంటే చూసి మెచ్చుకోవలసిన మనిషి లేదు, ఉన్నా మెచ్చుకునేది కాదు.

చాచా తీగెను తానే పెట్టుకున్నాడు. తెర మీద గళ్లు వెలుగుతూ వెళ్లాయి. నా వైపు చూసి నొక్కాడు.

"బోలో," అంది ఆపా గొంతు.

చెప్పమంటున్నాడు. వంటింటి గుమ్మంలో బిడ్డ అలాగే నిలబడిపోయింది. ఏం చెప్పను? విరిగిన ప్లాస్టిక్ నాలుక చేతిలో పట్టుకుని దాని కథంతా చెప్పుకుంటూ పోయాను. ఆయన నన్ను ఆపేస్తే బాగుండునని చూశాను. ఆపలేదు, చివరిదాకా విన్నాడు.

తర్వాత వెలుగు గళ్లన్నింటి మీదుగా నడిచింది. ఆయన నొక్కలేదు. మళ్లీ మొదటి నుంచి నడిచింది. మళ్లీ నొక్కలేదు. బటన్ పనిచేయడం లేదేమోనని వంగి తీగె చూశాను. బిడ్డ వచ్చి పక్కన కూర్చుంది.

"కావాల్సిన మాట లేదా అబ్బా అండ్ల?"

ఆయన కళ్లు మూసి తెరిచాడు. అవునని.

"నొప్పా? మందా?" కాదు. చాలా అడిగింది. చివరికి, "అమ్మీనా?" అంది.

కళ్లు మూశాడు. వెంటనే తెరవలేదు.

మేమిద్దరం తెర మీది మాటలన్నీ వెతికాం. నీళ్లున్నాయి, చాయ్ ఉంది, దుప్పటి ఉంది, కిటికీ ఉంది, బిడ్డ పేరు ఉంది. ఆపాను పిలిచే మాట లేదు. ఆయనకు అవసరమైనవన్నీ కూర్చుని ఆలోచించి రికార్డు చేసిన మనిషి, తనను పిలవాల్సిన అవసరం వస్తుందనుకోలేదు. ఎప్పుడూ ఆ గదిలోనే ఉండేది కదా.

బిడ్డ మైకు తెచ్చి, నేను బిగించిన సాకెట్‌లో పెట్టి, 'అమ్మీ' అని రికార్డు చేసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మాట పోకముందు పేరు పెట్టి పిలుస్తలేకుండె," అంది నాతో. "అజీ సునో, అంటుండె." ఇదిగో, విను అని పిలవడం. అదే మైకులో చెప్పింది. ఆయన మళ్లీ తల అడ్డంగా ఊపాడు. ఎడమచెయ్యి ఎత్తి నన్ను చూపించాడు.

"నేనా?" అన్నాను. "నా గొంతు బాగుండదు చెల్లె. మా ఇంట్ల నేను మా ఆవిడను పిలిస్తె పక్కింటోళ్లు పలుకుతరు."

"ఇంట్ల మగగొంతు ఇంకోటి లేదు భయ్యా."

మైకు పట్టుకున్నాను. మొదటిసారి ఆటోను ఆపినట్టు అన్నాను. ఆయన వద్దన్నాడు. రెండోసారి ఫోను ఎత్తని కస్టమర్‌ను అడిగినట్టు వచ్చింది. వద్దన్నాడు. ఎన్ని బోర్డుల ముందు కూర్చున్నానో, ఇంత భయం ఎప్పుడూ వేయలేదు.

"జోరు తగ్గించు," అంది బిడ్డ. "అమ్మీ పక్క గదిలనే ఉంటుండె."

పక్క గదిలోనే ఉందనుకుని, కొత్తగా పెళ్లయినవాడిలా, వినపడీ వినపడనట్టు అన్నాను. చాచా కళ్లు మూసి తెరిచాడు.

ఆ మాటను గడిలో పెట్టాను. వెలుగు నడుచుకుంటూ వచ్చి దాని మీద ఆగింది. ఆయన బొటనవేలు బటన్‌ను నొక్కింది.

"అజీ, సునో," అంది నా గొంతు.

వెలుగు నీళ్ల మీదుగా, చాయ్ మీదుగా, కిటికీ మీదుగా వెళ్తోంది. ఆయన దాని వెంటే చూస్తూ, చెయ్యి సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు. రావలసిన చోటికి వచ్చాక మళ్లీ నొక్కాడు.

"బోలో," అంది ఆపా.

నేను స్క్రూ పడిపోయిందని చెప్పి బల్ల కిందికి దూరాను. స్క్రూ ఏదీ పడలేదు.